ఆదాము హవ్వల పాపం: ఆదికాండము 3వ అధ్యాయాన్ని స్టెప్ బై స్టెప్‌గా అర్థం చేసుకోవడం ఎలా

ఈ కథ మనకి తెలుసులే అనుకోవడం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. పాము వచ్చింది, యాపిల్ ఇచ్చింది, హవ్వ మోసపోయింది, ఆదాము ఆమె మాట విన్నాడు, దేవుడికి కోపం వచ్చి ఇద్దర్నీ గెంటేశాడు, అయిపోయింది. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండములోని ఈ అధ్యాయం మొత్తం 24 వచనాలే, నింపాదిగా చదివినా ఐదు నిమిషాలు పట్టదు, కానీ దాని మీద పేరుకున్న వ్యాఖ్యానం వయసు రెండు వేల ఏళ్ళ పైమాటే, దాంతో మనం చదువుతున్నప్పుడు వచనంలో ఉన్నదేంటి, తర్వాత వాళ్ళు చెప్పిందేంటి అన్నది పూర్తిగా కలిసిపోతుంది. ఈ గైడ్ అంతా ఆ రెండింటినీ విడదీసి చూడటం గురించే. వ్యాఖ్యానం తప్పు అని అనట్లేదు, కొన్ని చాలా లోతైనవి ఉన్నాయి, కాకపోతే ఏ మాట ఎవరిదో తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. పాత తెలుగు బైబిల్ ఒకటి, వీలైతే వాడుక భాషలో ఉన్న అనువాదం ఇంకోటి, ఒక నోట్‌బుక్. కామెంటరీలు, స్టడీ బైబిల్ నోట్స్ ఇప్పుడే తీయకండి, వాటి టైమ్ తర్వాత వస్తుంది.

స్టెప్ 1: 3:1 దగ్గర మొదలుపెట్టొద్దు

అధ్యాయాల నంబర్లు కథతో పాటు పుట్టినవి కావు, 13వ శతాబ్దంలో పెట్టినవి. అసలు కథ 2:4లో (2వ అధ్యాయం, 4వ వచనం) మొదలై 3:24 దాకా ఒకటే ముక్కగా నడుస్తుంది, వాళ్ళ కొడుకు, తమ్ముణ్ణి చంపిన కయీను కథని కూడా కలుపుకుని 4:16 దాకా ఒకేసారి చదివేయండి. ఎందుకంటే 3వ అధ్యాయంలో జరిగే ప్రతిదానికీ పునాది 2వ అధ్యాయంలో ఉంది. ఒక చెట్టు ఫలం తినొద్దన్న ఆజ్ఞ ఇచ్చింది 2:16-17లో, స్త్రీని చేసింది ఆ తర్వాత 2:22లో. అంటే ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఆమె ఇంకా లేదు, మరి ఆమెకి ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అన్నది కథ ఎక్కడా చెప్పదు. అలాగే 2:25లో ఇద్దరూ దిగంబరులుగా ఉండి సిగ్గు ఎరగలేదు అని ఉంటుంది, 3:7లో అదే జంట అంజూరపు ఆకులు కుట్టుకుంటుంది, మధ్యలో ఏం మారిందో చూడాలంటే ముందు వచనం తెలిసుండాలి కదా.

స్టెప్ 2: కథలో లేనివన్నీ ఒక లిస్ట్ రాయండి

ఇది చాలామంది స్కిప్ చేస్తారు, నన్నడిగితే మొత్తం మీద ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

యాపిల్ లేదు, "ఫలం" అని మాత్రమే ఉంది, యూదు గురువుల పాత చర్చల సంకలనమైన తల్మూద్‌లో దీని మీద చర్చ జరిగి ద్రాక్ష అని ఒకరు, అంజూరం అని ఒకరు, గోధుమ అని ఇంకొకరు అన్నారు, యాపిల్ ఊసే రాలేదు. అంజూరం అన్నాయన లాజిక్ బాగుంటుంది: దేంతో చెడ్డారో దాంతోనే బాగుపడ్డారు, ఆకులు ఆ చెట్టువే కదా అని. సాతాను అన్న పేరు కూడా లేదు, సర్పాన్ని దేవుడు చేసిన భూజంతువుల్లో ఒకటిగానే, కాకపోతే అన్నిటికంటే యుక్తిగలదిగా పరిచయం చేస్తారు. హవ్వ అన్న పేరు 3:20 దాకా రాదు, పండు తిన్నప్పుడు ఆమె ఇంకా "స్త్రీ"యే. శారీరక సంబంధం వల్ల వచ్చిన పాపం అనే ఆలోచనకి ఇక్కడ చోటే లేదు, "ఏక శరీరం" అన్న మాట 2:24లోనే, అంటే పాపానికి ముందే, మంచి విషయంగా వచ్చేసింది.

ఇంకోటి చూసి ఆశ్చర్యపోతారు, "పాపం" అన్న మాటే ఈ అధ్యాయంలో లేదు. మొదటిసారి వచ్చేది 4:7లో, కయీనుతో దేవుడు "వాకిట పాపము పొంచియుండును" అన్నప్పుడు. "పతనం" అన్న మాట కూడా లేదు. అలాగని ఇది పాపం గురించిన కథ కాదని కాదు, ఆజ్ఞ మీరడం, దాక్కోవడం, శిక్ష, గెంటివేత అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి, కాకపోతే కథ దానికి పేరు పెట్టకుండా జరిగింది చూపించి వదిలేసింది.

స్టెప్ 3: ఆజ్ఞని మూడు నోళ్ళలో విని పోల్చండి

నోట్‌బుక్‌లో మూడు కాలమ్స్ గీయండి, దేవుడు అన్నది (2:16-17), సర్పం అన్నది (3:1), స్త్రీ అన్నది (3:2-3). ఇక్కడ తొందరపడకండి, కథ గుట్టంతా ఇక్కడే విప్పుతుంది.

దేవుడు మొదలుపెట్టింది వద్దు అని కాదు: "ఈ తోటలోనున్న ప్రతి వృక్షఫలమును నీవు నిరభ్యంతరముగా తినవచ్చును". ఒక్క చెట్టు, మంచి చెడ్డల తెలివినిచ్చేది, మినహాయింపు. సర్పం దీన్ని తలకిందులు చేస్తుంది, దేని ఫలాన్నీ తినకూడదని చెప్పాడటగా, నిజమేనా అని. గమనించండి, ఇది అబద్ధం చెప్పడం కాదు, ప్రశ్న అడగడం, ఆ ప్రశ్న లోపల మాత్రం దేవుడు ఏదీ ఇవ్వనివాడు అన్న బొమ్మ ఉంది. స్త్రీ దాన్ని కరెక్ట్ చేస్తుంది, మంచిదే, కానీ ఆ కరెక్షన్‌లో రెండు పోయాయి, రెండు వచ్చాయి. "ప్రతి", "నిరభ్యంతరముగా" అన్న ధారాళం పోయింది, "నిశ్చయముగా చచ్చెదవు"లో ఆ నిశ్చయం పోయింది. "ముట్టకూడదు" అన్న కొత్త రూల్ వచ్చి చేరింది, చెట్టు గుర్తు "తోట మధ్య ఉన్నది" అయింది, 2:9 చూస్తే తోట మధ్య అని నేరుగా చెప్పింది, తింటే ఎప్పటికీ బతికించే జీవవృక్షం గురించి.

ఆ "ముట్టకూడదు" ఎక్కడినుంచి వచ్చిందని పాత రబ్బీలు, అంటే యూదు గురువులు, బాగా తలలు పట్టుకున్నారు. ఆదామే జాగ్రత్త కోసం ఆజ్ఞ చుట్టూ కంచె వేసి ఆమెకి చెప్పి ఉంటాడని ఒక వివరణ. రబ్బీల వ్యాఖ్యాన కథల్లో (వాటినే మిద్రాష్ అంటారు) ఒకదాంట్లో అయితే సర్పం ఆమెని చెట్టు మీదకి తోసి, చూశావా ముట్టుకున్నా చావలేదు, తిన్నా చావవు అంటుంది. ఇవి వచనంలో లేని మాటలే, కానీ వచనంలో ఉన్న ఖాళీని ఎంత బాగా పట్టుకున్నాయో చూడండి, మంచి వ్యాఖ్యానం ఇలా ఉంటుంది, ఖాళీ ఎక్కడుందో దానికి తెలుసు.

ఇంకో చిన్న విషయం. కథకుడు ఈ రెండు అధ్యాయాల్లో దాదాపు ప్రతిచోటా "దేవుడైన యెహోవా" అంటాడు, సర్పమూ స్త్రీ మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఉత్త "దేవుడు" అయిపోతాడు. పేరు పెట్టి పిలిచే చనువు ఆ సంభాషణలో జారిపోయిందని కొందరు పండితులు అంటారు, నాకూ అలానే అనిపిస్తుంది, కానీ దీని మీద మొత్తం సిద్ధాంతం కట్టేయొద్దు, సపోర్టింగ్ పాయింట్‌గా మాత్రమే వాడండి.

స్టెప్ 4: 3:6 ని 2:9 పక్కన పెట్టండి

2:9లో తోటలోని చెట్లన్నీ చూపుకి రమ్యమైనవి, ఆహారానికి మంచివి. 3:6లో స్త్రీ ఆ చెట్టులో చూసినవి మూడు: ఆహారానికి మంచిది, కన్నులకు అందమైనది, వివేకమిచ్చే రమ్యమైనది. మొదటి రెండూ తోటలో ఏ చెట్టుకైనా ఉన్నవే! తిండి కోసమో అందం కోసమో అయితే ఆ చెట్టు దాకా పోవాల్సిన పనే లేదు. అదనంగా చేరింది మూడోది ఒక్కటే, అది సర్పం మాటల తర్వాత చేరింది. అందుకే ఇది ఆకలి కథ కాదు, నోరు కట్టుకోలేకపోయిన కథ అంతకంటే కాదు, ఇచ్చేవాడు నా దగ్గర ఏదో దాచాడు, అది నేనే తీసుకుంటాను అన్న అనుమానం కథ. నా మటుకు నేను పాపం పండు కొరికినప్పుడు మొదలైందనుకోను, చెయ్యి చాచేలోపే మొదలైపోయింది.

చూసింది, ఆశపడింది, తీసుకుంది అన్న ఈ వరస బైబిల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది, యెహోషువ 7:21లో ఆకాను తన దొంగతనం ఒప్పుకున్నప్పుడు దాదాపు ఇదే వరసలో చెప్తాడు, చూశాను, ఆశించాను, తీసుకున్నాను అని, ఆ తర్వాత దాచాను అని కూడా. క్రాస్ రిఫరెన్స్‌గా రాసుకోండి.

అదే వచనం చివర్లో, "తనతోపాటు" ఉన్న భర్తకి కూడా ఇచ్చింది, అతడూ తిన్నాడు. అతను ఎక్కడో పొలం పనిలో ఉంటే ఆమె తీసుకెళ్ళి ఇచ్చిందని చెప్పుకునే వెర్షన్‌కి ఈ మాట అడ్డం వస్తుంది. సర్పం వాడిన "మీరు" కూడా ఇద్దర్నీ కలిపి అన్నదే. ఆజ్ఞని నేరుగా విన్న మనిషి, పక్కనే ఉండి, సంభాషణ మొత్తంలో ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క ప్రశ్న వెయ్యలేదు, తిన్నాడు. నేరమంతా స్త్రీ నెత్తిన పెట్టే వ్యాఖ్యానం ఈ వచనాన్ని దాటేసి వెళ్తుంది, అలాంటిది ఎవరు చెప్పినా ముందు 3:6 చూపించి అడగండి.

స్టెప్ 5: విచారణ వినండి

దేవుడు వేసే మొదటి మాట తీర్పు కాదు, "నీవు ఎక్కడ ఉన్నావు" అన్న ప్రశ్న. తెలియక అడిగాడా అన్న డౌట్ వస్తుంది, కానీ తర్వాత కయీనుని "నీ తమ్ముడు ఎక్కడ" అని అడిగే తీరు చూస్తే ఇది ఒప్పుకోవడానికి ఇచ్చే అవకాశంలా అనిపిస్తుంది. ఆదాము ఆ అవకాశాన్ని ఎలా వాడుకున్నాడో చూడండి: "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే". ఒక్క వాక్యంలో ఇద్దరి మీద నెట్టేశాడు, ఇచ్చిన ఆమె మీదా, ఆమెని ఇచ్చిన దేవుడి మీదా. ఇదే మనిషి కొన్ని వచనాల ముందు ఆమెని చూసి నా ఎముకల్లో ఎముక అని పొంగిపోయినవాడు. స్త్రీ సర్పం మీద నెట్టింది. సర్పాన్ని మాత్రం దేవుడు ఏమీ అడగలేదు.

వరస కూడా రాసుకోండి. విచారణలో నింద కదిలింది పురుషుడు, స్త్రీ, సర్పం వరసలో. తీర్పు తిరగేసి సర్పం, స్త్రీ, పురుషుడు. ఇంత కుదురుగా అల్లిన కథని గబగబా చదివేయడం అన్యాయం.

స్టెప్ 6: తీర్పులో ఎవరిని శపించారో సరిగ్గా చూడండి

"శాపం" అన్న మాట పడింది రెండింటి మీదే, 3:14లో సర్పం మీద, 3:17లో నేల మీద. పురుషుడిని గానీ స్త్రీని గానీ శపించాడని లేదు, వాళ్ళకి బాధ ఉంది, ప్రయాసం ఉంది, చావు ఉంది, కానీ శాపగ్రస్తులు అన్న ముద్ర లేదు. మనిషిని నేరుగా శపించడం 4:11లో కయీనుతో మొదలవుతుంది.

3:16 జాగ్రత్తగా పట్టుకోవాల్సిన వచనం, "నీ భర్తయెడల నీకు వాంఛ కలుగును, అతడు నిన్ను ఏలును". ఇది ఇలా ఉండాలి అన్న ఆజ్ఞా, లేక పాపం తర్వాత సంబంధాలు ఇలా పాడవుతాయి అన్న హెచ్చరికా? రెండు వైపులా వాదించేవాళ్ళు ఉన్నారు. నేను రెండోదానికే ఓటేస్తాను, కారణం పక్క వచనమే, ముళ్ళతుప్పలు మొలుస్తాయని నేల గురించి చెప్పాడు కాబట్టి ముళ్ళు పీకడం పాపం అని ఎవరూ అనుకోరు, ప్రసవ వేదన తగ్గించే మందు వాడొద్దని కూడా ఇప్పుడు పెద్దగా ఎవరూ అనరు, మరి ఈ ఒక్క ముక్కని మాత్రం రూల్ చేసేయడం ఏం న్యాయం? వాంఛ, ఏలడం అన్న ఈ జంట మాటలే 4:7లో పాపం గురించి మళ్ళీ వస్తాయి, అక్కడ అది పట్టు కోసం జరిగే పెనుగులాట, దాన్ని బట్టి 3:16ని కూడా అలాగే చదవొచ్చు.

3:15 గురించి రెండు మాటలు. స్త్రీ సంతానం సర్పాన్ని తల మీద కొట్టడం క్రీస్తు గురించిన మొదటి సువార్త అని రెండో శతాబ్దపు బిషప్ ఇరేనియస్ కాలం నుంచీ క్రైస్తవులు చదువుతున్నారు. యూదులు ఇక్కడ మెస్సీయ కంటే మనుషులకీ పాములకీ మధ్య ఉన్న వైరాన్నే ఎక్కువగా చూస్తారు. మీది ఏ నమ్మకమైనా సరే, మొదటిది మొత్తం బైబిల్ చదివాక వెనక్కి తిరిగి చూస్తే కనిపించే అర్థం అని నోట్‌లో రాసుకోండి.

3:21 కూడా వదలకండి. గెంటేసే ముందు దేవుడు తనే చర్మపు చొక్కాయిలు చేసి తొడిగాడు. శిక్ష కథలో ఇలాంటి ఒక పని ఎందుకు పెట్టారో కాసేపు ఆలోచించండి.

స్టెప్ 7: "తిను దినమున" అన్న చిక్కుముడి

తిన్న రోజే చస్తారన్నాడు దేవుడు, చావనే చావరు అంది సర్పం. తిన్నారు, చావలేదు, ఆదాము 930 ఏళ్ళు బతికాడని 5:5 చెప్తుంది. కళ్ళు తెరుచుకుంటాయంది సర్పం, 3:7లో తెరుచుకున్నాయి. దేవతల్లా అవుతారంది, 3:22లో "మనలో ఒకనివంటివాడాయెను" అని దేవుడే అన్నాడు. మరి సర్పమే నిజం చెప్పిందా? ఈ ప్రశ్న అడగడానికి భయపడొద్దు, పాత వ్యాఖ్యాతలందరూ దీంతో కుస్తీ పట్టినవాళ్ళే.

వాళ్ళ జవాబులు రకరకాలు. క్రీ.పూ. 2వ శతాబ్దపు యూదు రచన జూబిలీల గ్రంథం దేవుడికి వెయ్యేళ్ళు ఒక రోజు కాబట్టి ఆదాము ఆ "రోజు" పూర్తికాకుండానే చచ్చాడంటుంది. దేవుడితో సంబంధం తెగిపోవడమే ఆ రోజు జరిగిన చావు అన్నది క్రైస్తవుల్లో బాగా వినిపించేది. ఆ రోజు పడింది మరణశిక్ష, అమలు తర్వాత అన్నది ఇంకోటి. జీవవృక్షానికి దారి మూసేయడమే చావు ఖాయం చేయడం అన్నది వచనానికి దగ్గరగా ఉండే జవాబని నా అభిప్రాయం, 3:22-24 ఆ పనే చేస్తుంది కాబట్టి. సర్పం చెప్పినవి సగం నిజాలు అని కూడా గమనించండి, కళ్ళు తెరుచుకున్నాయి, కానీ తెరిచి చూసింది తమ దిగంబరత్వం, దేవతల్లా అయినవాళ్ళు చెట్ల చాటున దాక్కున్నారు.

స్టెప్ 8: ఇది ఏ రకం రచన?

అక్షరాలా జరిగిన చరిత్ర, సంకేత కథ, చరిత్రని బొమ్మల భాషలో చెప్పిన కథనం, ఇలా చాలా అభిప్రాయాలు. సైన్స్ వచ్చాకే అలంకార అర్థాలు మొదలయ్యాయని అనుకోకండి. 1వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాకి చెందిన యూదు తత్వవేత్త ఫిలో పురుషుడు అంటే బుద్ధి, స్త్రీ అంటే ఇంద్రియాలు, సర్పం అంటే సుఖం అని చదివాడు. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెన్, దేవుడు రైతులా తోట నాటాడని అక్షరాలా నమ్మేంత అమాయకుడు ఎవరుంటారని అడిగాడు. కాథలిక్ సంఘం 1992 నాటి తన కాటెకిజంలో (నమ్మకాలని వివరించే పుస్తకం) 3వ అధ్యాయం వాడింది అలంకార భాష, కానీ చెప్పింది మానవ చరిత్ర మొదట్లో నిజంగా జరిగిన సంఘటన అని రెండూ కలిపి చెప్తుంది.

చుట్టుపక్కల కథలూ సాయం చేస్తాయి. మెసొపొటేమియా గిల్గమెష్ కథలో యవ్వనాన్ని తిరిగిచ్చే మొక్కని పాము ఎత్తుకుపోతుంది, అదపా కథలో ఒక జ్ఞాని జీవాన్నిచ్చే ఆహారాన్ని వద్దని చావు తెచ్చుకుంటాడు. పాము, తిండి, చేజారిన అమరత్వం, ఇవి ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన సరుకే, ఆదికాండము వాటితో వేరే మాట చెప్తుంది: మనిషి మోసపోవడమో పొరపాటు పడటమో కాదు, ఆజ్ఞ మీరాడు, జవాబు చెప్పాలి.

బైబిల్ లోపలే ఇంకో రెండు పోలికలు. తోటకి కాపలా ఉన్న కెరూబులే (రెక్కలున్న పరలోక ప్రాణులు) తర్వాత ఆజ్ఞల పలకలున్న మందసం మీద, ఆరాధన గుడారపు తెర మీద కనిపిస్తారు, అందుకే ఈ ఏదెను తోటని మొదటి దేవాలయంగా చదివేవాళ్ళు ఉన్నారు. మంచి నేల ఇచ్చి, ఆజ్ఞ పెట్టి, మీరితే బయటికి పంపడం అన్నది ఇశ్రాయేలు చెరకి వెళ్ళిన కథ కూడా, యెరూషలేము బబులోను చేతిలో కూలిన తరం దీన్ని ఎలా విని ఉంటారో ఊహించండి.

స్టెప్ 9: ఇప్పుడు వ్యాఖ్యానాలు తెరవండి

పాత నిబంధన మిగతా భాగం ఈ సంఘటన గురించి దాదాపు మాట్లాడదు, ఇది చాలామంది నమ్మరు, వెతికి చూసుకోండి. సర్పాన్ని అపవాదితో, అంటే సాతానుతో, కలపడం ప్రకటన 12:9లో స్పష్టంగా ఉంది, అంతకుముందు జ్ఞాన గ్రంథం (కాథలిక్ బైబిల్లో ఉండేది) 2:24లో అపవాది అసూయ వల్ల చావు లోకంలోకి వచ్చిందని ఉంది. దీన్ని సిద్ధాంతం చేసింది అపొస్తలుడు పౌలు, రోమా 5:12-21, 1 కొరింథీ 15:21-22. అక్కడ కూడా ఆయన గురి క్రీస్తు మీద, ఆదాము ఆ పోలికలో మొదటి సగం. పాపం ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా అంటుకుంటుందో ఆ మెకానిజం పౌలు చెప్పలేదు, గొడవంతా అక్కడే మొదలైంది.

బిషప్ అగస్టీన్ (354-430) ఆదాములో అందరూ పాపం చేశారు, పుట్టిన బిడ్డ కూడా ఆ దోషంతోనే పుడుతుంది అన్నాడు, అదే కాలపు సన్యాసి పెలాజియస్ మాత్రం ఆదాము చెడ్డ ఉదాహరణే తప్ప అతని దోషం మనకి రాదన్నాడు. 418లో బిషప్పుల కార్తేజ్ సభ పెలాజియస్ వర్గాన్ని తోసిపుచ్చింది, 1546లో కాథలిక్కుల ట్రెంట్ సభ ఆదిపాపాన్ని (ఆదాము నుంచి అందరికీ వచ్చే దోషం) మళ్ళీ ఖరారు చేసింది, ప్రొటెస్టంట్ నాయకులు లూథర్, కాల్విన్ అయితే మనిషి పూర్తిగా చెడిపోయాడని ఇంకా గట్టిగా చెప్పారు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మనకి వచ్చింది చావు, బలహీనత, అంతేగానీ ఆదాము నేరం కాదంటాయి. ఇరేనియస్ ఆదాము హవ్వలని ఇంకా ఎదగని పిల్లలుగా చూశాడు, చేతికి రాకముందే లాక్కున్న పిల్లలన్నమాట, నాకు ఇది బాగా నచ్చుతుంది. యూదులు మనిషిలో మంచి ప్రేరణ, చెడు ప్రేరణ రెండూ ఉన్నాయంటారు, జన్మతః దోషి అన్న సిద్ధాంతం వాళ్ళలో సాధారణంగా లేదు. ఖురాన్‌లో ఇద్దరూ కలిసే జారతారు, కలిసే పశ్చాత్తాపపడతారు, దేవుడు క్షమిస్తాడు, పిల్లలకి ఆ భారం రాదు.

ప్రతి వ్యాఖ్యానం దగ్గరా ఒకటే ప్రశ్న వేయండి, ఇతను ఏ వచనాన్ని మోస్తున్నాడు, ఏ వచనాన్ని పక్కన పెట్టాడు? అగస్టీన్‌కి రోమా 5 ఉంది, అవతలివాళ్ళకి యెహెజ్కేలు 18:20 ఉంది, కొడుకు తండ్రి దోషాన్ని మోయడని. రెండూ బైబిలే.

స్టెప్ 10: మీ రీడింగ్ రాయండి

ఒక పేజీ చాలు. "వచనం చెప్తోంది", "నేను అర్థం చేసుకున్నది", "మా సంఘం నమ్మేది" అని మూడు రంగుల పెన్నులు వాడినా పర్లేదు, కలపకుండా ఉంటే చాలు. రాశాక చెక్ చేయండి: 3:6లో పురుషుడు పక్కనే ఉన్నాడన్నది మీ పేజీలో ఉందా, 3:21 చొక్కాయిలు ఉన్నాయా, శాపం ఎవరి మీద పడిందో సరిగ్గా రాశారా. అసలు ఆ చెట్టు అక్కడ ఎందుకు పెట్టాడు, సర్పానికి ఆ బుద్ధి ఎక్కడిది, ఈ రెండింటికీ కథ జవాబు చెప్పదు, కాబట్టి మీరు రాసే జవాబు ఏదైనా రెండో రంగులోనో మూడో రంగులోనో ఉండాలి. మొదటి రంగులో రాశారంటే మళ్ళీ స్టెప్ 2కి వెళ్ళండి.

ఆ పేజీ పూర్తయ్యాక కయీను కథ మీద ఇదే పని చేయండి. అక్కడ దేవుడు పాపం జరగకముందే వచ్చి మాట్లాడతాడు, ఏదెనులో జరిగాక వచ్చాడు.